నాన్న రగ్గుతో చలి చొక్కా

2024 డిసెంబరులో మేం ఐదుగురం మహేంద్రగిరి మీద ఒక రాత్రి ఉండిపోయాం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఏటా చలికాలంలో ఒకసారైనా ఆ కొండ ఎక్కడం మాకు అలవాటు. కొండ ఎత్తు 1501 మీటర్లు. వెయ్యి మీటర్లు పైకి పోతే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని లెక్క. అంటే కింద సముద్రం ఒడ్డున బారువలో 18 డిగ్రీలుంటే పైన ఎనిమిదో తొమ్మిదో. దానికి గాలి తోడు. సముద్రం మీంచి వచ్చే గాలికి అడ్డంగా ముందు తగిలేది ఆ కొండే. అర్ధరాత్రి దాటాక మంచు పొగలా కమ్మేసి, గడ్డి, రాళ్ళు, మన భుజాలు అన్నీ ఒకేలా తడిసిపోతాయి.

ఆ రాత్రి నా ఒంటి మీద రెండువేలు పెట్టి కొన్న పాలిస్టర్ జాకెట్ ఉంది. మంట దగ్గర కూర్చుంటే నిప్పురవ్వలు పడి జాకెట్ చేతి మీద ఏడు చిల్లులు పడ్డాయి. ప్రతి చిల్లు చుట్టూ కరిగి గట్టిపడిన అంచు. మంటకి దూరం జరిగితే మంచుకి తడిసి వీపుకి అతుక్కుపోయింది. మా పక్కన కింది పల్లె నుంచి వచ్చిన సవర పెద్దాయన ఒకాయన పాత కంబళి కప్పుకుని కూర్చున్నాడు. రవ్వ పడితే వేలితో ఇలా విదిల్చేవాడు. అక్కడ చిన్న నల్ల చుక్క మిగిలేది, అంతే. కంబళి మీద మంచు ముత్యాల్లా నిలబడి ఉంది. తెల్లవారేదాకా నా చూపు ఆ కంబళి మీదే ఉంది. కంబళి కప్పుకుంటే రెండు చేతులూ దాన్ని పట్టుకోవడానికే సరిపోతాయి, కట్టెలు విరవలేం, రాయెక్కలేం. దాన్నే చొక్కాలా కుడితే?

కంబళిని బట్టగా మార్చుకోవడం కొత్త ఆలోచనేమీ కాదు. మన గొర్రెల కాపరులు గొంగడిని మడిచి తల మీంచి కొప్పెరలా వేసుకుని వానలో తిరుగుతారు. కెనడా చలిలో వేటగాళ్ళు, బొచ్చు వ్యాపారులు 18వ శతాబ్దం నుంచీ ఉన్ని దుప్పట్లని కోసి టోపీ ఉన్న పొడుగు కోట్లు కుట్టుకున్నారు. వాటిని కెపోట్ అంటారు. మా గజపతి జిల్లాలోనే చంద్రగిరిలో 1963 నుంచి టిబెటన్లు ఉంటున్నారు. వాళ్ళ పెద్దవాళ్ళు వేసుకునే చుబా అనే పొడుగు అంగీలో ఒక వైపు బట్ట ఇంకో వైపు మీదికి బాగా ఎక్కి ఉంటుంది. ఛాతీ దగ్గర గాలి దూరే సందే ఉండదు. ఈ మూడింట్లోనూ బట్ట ఒకటే, ఉన్ని. తేడా అంతా గాలిని ఎక్కడ ఆపాలన్న దగ్గరే.

ఇక గుడ్డ కావాలి. మా వైపు గొర్రెలకి ఉండేది బొచ్చే గాని ఉన్ని కాదు, అందుకే ఇక్కడ గొంగళి నేసేవాళ్ళు లేరు. బజార్లో 'ఉలెన్' అని చెప్పి అమ్మిన ఒక రగ్గు 900కి కొన్నాను. ఇంటికి తెచ్చి అంచు నుంచి నాలుగు పోగులు లాగి అగ్గిపుల్లతో అంటించాను. చిటపటమని ముడుచుకుపోయి నల్ల పూసలా గట్టిపడింది, ప్లాస్టిక్ కాలిన వాసన. ఉన్ని అయితే జుట్టు కాలిన వాసన రావాలి, మిగిలిన మసి వేళ్ళ మధ్య నలిపితే పొడైపోవాలి, మంట తీసేయగానే దానంతటదే ఆరిపోవాలి. కంబళి కొనబోయేవాళ్ళు ఈ ఒక్క పరీక్ష తప్పకుండా చేసుకోండి. షాపులో చేయనివ్వరు, కాబట్టి అంచు నుంచి రెండు పోగులు అడిగి బయటికి తెచ్చుకుని కాల్చి చూడండి.

అప్పుడు గుర్తొచ్చింది నాన్న ట్రంకుపెట్టె. నాన్న మిలటరీలో పనిచేసి వచ్చారు. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆ పెట్టెలో అడుగున, కలరా ఉండల మధ్య, ఆయన బూడిదరంగు రగ్గు ఉంటుంది. మూలన నల్ల రంగుతో ఆయన నంబరు రాసి ఉంటుంది. ఒక పోగు తీసి కాల్చాను. అచ్చం జుట్టు కాలిన వాసన. బూడిద వేళ్ళకి పౌడరులా అంటుకుంది.

అమ్మని అడగడానికి రెండు రోజులు పట్టింది నాకు. కత్తెర పెట్టడమంటే మామూలు విషయం కాదు కదా. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత రగ్గు తీసి ఒళ్ళో పెట్టుకుని, "ఈ మూల పురుగు కొట్టీసింది సూడు. పెట్టెలో ఉంచితే పురుగుకే పోద్ది. నువ్వు ఒంటి మీద ఏసుకో నాయినా. ఆ నంబరు ముక్క మాత్రం పారీకు" అంది.

నిజంగానే ఒక అంచు పొడుగునా చిన్నచిన్న చిల్లులున్నాయి. ఆ అంచు నుంచే నాలుగంగుళాల ముక్క కోసి ముందు దాన్ని ఉతికి చూశాను. ఇది ముఖ్యం. ఉన్ని పోగుకి చేప పొలుసుల్లాంటి పొలుసులుంటాయి. వేడినీళ్ళు, సబ్బు, నలుపుడు మూడూ కలిస్తే అవి ఒకదానికొకటి పట్టుకుని బిగుసుకుపోతాయి, గుడ్డ కుంచించుకుపోతుంది. చొక్కా కుట్టాక అలా అయితే చిన్నపిల్లాడి చొక్కా అవుతుంది. కుట్టకముందే మనంతట మనం కావాలని చేస్తే లాభం. గుడ్డ దట్టంగా అవుతుంది, గాలి తక్కువ దూరుతుంది, కోసిన అంచు పోగులు ఊడదు. నా ముక్క పావు అంగుళం తగ్గింది. సరే అని మొత్తం రగ్గుని కుంకుడుకాయ పులుసు కలిపిన వేడినీళ్ళలో వేసి, గోలెంలో కాళ్ళతో ఇరవై నిమిషాలు తొక్కాను. పిండకుండా నీళ్ళు ఒత్తి, నీడలో నేల మీద పరిచి ఆరబెట్టాను. మూడు రోజులు పట్టింది. 88 అంగుళాల పొడుగు 84 అయింది, 60 వెడల్పు 56 అయింది. చేతికి ముందుకన్నా మెత్తగా, బరువుగా తగిలింది.

చొక్కా గీసుకోవడానికి వారం పట్టింది. నేను కుట్టుపని నేర్చుకున్నవాణ్ణి కాదు. కాకపోతే స్కూల్లో లెక్కలు చెప్తాను కాబట్టి కాగితం మీద ముక్కలు సర్దడం నాకు ఇష్టమైన పని. నాన్న రగ్గులో గుప్పెడు ముక్క కూడా వృథా కాకూడదనుకున్నాను. అందుకే వంపులు పెట్టకుండా అన్నీ తిన్నని అంచులున్న ముక్కలే పెట్టాను. ఒళ్ళు ఒకే ముక్క, 64 అంగుళాల పొడుగు, 27 వెడల్పు. దాన్ని భుజాల మీద మడిచి వేస్తే ముందూ వెనకా అయిపోతుంది, భుజం మీద కుట్టు ఉండదు. వాన, మంచు ముందు పడేది భుజం మీదే, అక్కడ కుట్టు లేకపోవడం మంచిది. మెడ సరిగ్గా మధ్యలో కొయ్యలేదు, ఒక అంగుళం ముందుకి జరిపాను. దాంతో ముందు 31, వెనక 33 వచ్చింది. వంగి కట్టెలు ఏరుతున్నప్పుడు నడుం బయటపడకుండా ఆ రెండంగుళాలు కాపాడతాయి. వెనక అంచుకి రగ్గు సొంత అంచునే ఉంచేశాను, మడవాల్సిన పని లేకుండా.

చొక్కా గీసినంతసేపూ నా బుర్రలో ఆ డిసెంబరు రాత్రే. గుడ్డ ఎంత మందంగా ఉన్నా, మెడ దగ్గర, ముంజేతి దగ్గర, కింద నడుం దగ్గర సందు ఉంటే వెచ్చదనమంతా అక్కణ్ణుంచే పోతుంది. అందుకే ముందు నిలువునా తెరుచుకునే కోటులా కాకుండా, తల మీంచి తొడుక్కునేలా పెట్టాను. మెడ కింద తొమ్మిదంగుళాల చీలిక మాత్రమే, దాని వెనక లోపల ఇంకో ముక్క. చుబా దగ్గర నేర్చుకున్నది ఇదే. మెడకి నాలుగంగుళాల నిలువు కాలరు, దానికి టోపీ. నడుం పక్కన రెండు వైపులా ఏడంగుళాల చీలికలు, మెట్టు ఎక్కేటప్పుడు కాలు ఆడడానికి. పొట్ట మీద రెండు వైపుల నుంచి చేతులు దూర్చే పెద్ద జేబు.

రగ్గు ముట్టుకోకముందు పాత దుప్పటితో నమూనా కుట్టించాను. అది చేయకపోయి ఉంటే రగ్గు పాడైపోయేది. నమూనా వేసుకుని చేతులు పైకెత్తగానే చొక్కా మొత్తం పైకి లేచి బొడ్డు కనిపించింది. తిన్నని అంచుల చేతిని తిన్నని అంచుల ఒంటికి అతికిస్తే చంక దగ్గర కదలడానికి గుడ్డ చాలదు. దానికి మందు చంక కింద ఐదంగుళాల చదరపు ముక్క, మూల పైకి వచ్చేలా తిప్పి పెట్టడం. మన పాత తరం లాల్చీల్లో చంక కింద ముక్క పెట్టేది ఇందుకే. అది పెట్టాక చేతులు పైకెత్తినా అంచు ఒక్క వేలు కూడా కదల్లేదు.

నా టైలరు మాస్టారికి డెబ్బై దాటాయి. మా నాన్న ప్యాంట్లు ఆయనే కుట్టేవారు. రగ్గు బల్ల మీద వేయగానే గుర్తుపట్టారు. బొటనవేలితో నలిపి చూసి, "బాబూ, ఇది మీ నాన్నది గదా. కొయ్యడం నువ్వే కొయ్యి, కుట్టడం నేను కుడతాను" అన్నారు. సన్నని సబ్బుముక్కతో గీతలు గీసిచ్చారు. కత్తెర నా చేతికిచ్చారు. మొదటి కోత కోసేటప్పుడు నా చెయ్యి చాలాసేపు ఆగిపోయింది. దళసరి ఉన్నిలో కత్తెర నలుగుతూ వెళ్ళే చప్పుడు, పచ్చి గడ్డి కోసినట్టు, ఇప్పటికీ నా చెవిలో ఉంది.

కుట్టడంలో మాస్టారి ఆలోచనే నన్ను గట్టెక్కించింది. జీన్స్ ప్యాంటు కుట్టులా మడిచి మడిచి కుడదామని నేను అనుకున్నాను. అలా చేస్తే నాలుగు మడతలు, మిషన్ పాదం కింద దూరదు అన్నారు. గుడ్డ బిగిసి ఉంది కాబట్టి పోగులు ఊడవు, మడవక్కర్లేదు. రెండు ముక్కలు కలిపి ఒక కుట్టు వేసి, లోపలి మార్జిన్‌ని చెరో పక్కకీ విడదీసి, తడిగుడ్డ వేసి బొగ్గుల ఇస్త్రీపెట్టెతో అణిచి, రెండు వైపులా మళ్ళీ ఒక్కో కుట్టు వేశారు. లోపల ముట్టుకుంటే గట్టు తగలదు, బ్యాగు పట్టీ కింద ఒరుసుకోదు. సూది 18వ నంబరు, కుట్టు పొడుగు పెంచి. చంక ముక్క దగ్గర మూడు కుట్లు కలిసే చోట రెండు సూదులు విరిగాయి. మూడోసారి మిషన్ మోటారు ఆపేసి, చక్రం చేత్తో తిప్పుతూ ఒక్కో కుట్టు వేశారు. మోచేయంత కుట్టుకి పావుగంట పట్టింది ఆ రోజు.

ఒక తప్పు మాత్రం జరిగింది, అది నా లెక్కలోనే. నమూనా దుప్పటి పల్చన, రగ్గు నాలుగు మిల్లీమీటర్ల మందం. గుండ్రంగా చుట్టినప్పుడు బయటి కొలత అంతే ఉన్నా, లోపలి చుట్టుకొలత మందానికి ఆరు రెట్ల పైన తగ్గుతుంది, అంటే దాదాపు ఒక అంగుళం. పిల్లలకి వృత్తం చుట్టుకొలత చెప్పే నేనే ఇది మర్చిపోయాను. నా ఛాతీ 38 అయితే చొక్కా చుట్టు 50 పెట్టాను కాబట్టి ఒంటి దగ్గర బాధ లేదు. చేతులు మాత్రం ముంజేతి వైపు 11 అంగుళాలకి సన్నం చేసేశాను. లోపల స్వెటరు వేసుకుని మోచెయ్యి మడిస్తే బిగిసిపోయింది. చంక నుంచి ముంజేయి దాకా కుట్టు విప్పి, మిగిలిన ముక్కల్లోంచి రెండంగుళాల పట్టీ చెరో చేతికీ వేయాల్సొచ్చింది. ఇప్పుడు చూస్తే అది కావాలని పెట్టినట్టే ఉంది. మీరు కుట్టుకుంటే మొదటే చేతి వెడల్పు రెండంగుళాలు ఎక్కువ పెట్టండి. తగ్గించడం తేలిక, పెంచడం కష్టం.

ఉన్ని మెడకి గుచ్చుకుంటుంది. 'గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు' అని ఊరికే అనలేదు, ఉన్ని అంటేనే బొచ్చు. ఒంటికి లోపల నూలు చొక్కా ఉంటుంది కాబట్టి ఫర్వాలేదు, కాలరు లోపలికి, టోపీ నుదుటి అంచుకి మాత్రం అస్తరు కావాలి. నాన్నదే పొందూరు ఖద్దరు పంచె ఒకటి అంచు చిరిగి ఉంటే అమ్మ తీసిచ్చింది. ఎన్నో ఉతుకులు చూసిన ఖద్దరు, గడ్డానికి తగిలితే పిల్లిపిల్లలా ఉంటుంది. అదే మెడ చుట్టూ వేశాం. మెడ కోత సాగిపోకుండా పట్టుకునేది కూడా ఆ ఖద్దరే.

గుండీల సంగతి చెప్పాలి. పర్లాకిమిడి అంటే కొమ్ముపనికి పేరు. కొమ్ముతో కొంగలు, దువ్వెనలు, నెమళ్ళు చేస్తారు. జిప్పు పెట్టడం నాకు ఇష్టం లేదు. చలికి కొయ్యబారిన వేళ్ళతో జిప్పు ముక్క, చిన్న గుండీ రెండూ పట్టుకోలేం. రెండంగుళాల పొడుగు కొమ్ముగుండీ అయితే పిడికిలితో కూడా ఉచ్చులోకి తొయ్యొచ్చు. కొమ్ముపని చేసే మహారణా ఒకాయన దగ్గరికి వెళ్ళి ఒరియాలో "కెతే హెబొ?" (ఎంత అవుతుంది?) అని అడిగితే, ఆయన నవ్వి తెలుగులోనే "నాలుగూ కలిపి నూటరవై ఇవ్వండి, మిగిలిపోయిన కొసల్తో చేసిస్తాను" అన్నారు. నేను అక్కడే కూర్చుని చూశాను. కొస ముక్కని నిప్పుల మీద చూపించి, మెత్తబడ్డాక చెక్కల మధ్య నొక్కి వంపు తీశారు. ఆకురాయితో రాచి, రెండు బెజ్జాలు పెట్టారు. అప్పుడు అది మట్టిరంగులో, గీతలు గీతలుగా ఉంది. చివరికి ఒట్టి అరచేతితో రుద్దుతూ పోతే, లోపల్నుంచి తేనెరంగు చారలు మెల్లగా పైకి తేలాయి. నాలుగు గుండీలూ నాలుగు రంగులు. ఉచ్చులకి నూలుతాడు జడలా అల్లి కుట్టాను.

రగ్గు సొంత అంచు లేని చోట్ల, అంటే ముందు కింది అంచు, చీలికలు, జేబు నోరు, వీటికి కాజా కుట్టు చేత్తోనే వేశాను. రెండు ఆదివారాలు పట్టింది. నాన్న నంబరు ఉన్న ముక్క ఎడమ వైపు ఛాతీ లోపల చిన్న జేబుగా కుట్టాను. అందులో అగ్గిపెట్టె పడుతుంది.

మొత్తం బరువు తూస్తే 1 కిలో 350 గ్రాములు. కుట్టుకూలి 600. మాస్టారు తీసుకోనన్నారు, బలవంతంగా ఇచ్చాను. మిగిలిన గుడ్డలో పెద్ద ముక్క అమ్మ పూజలో కూర్చునే ఆసనమైంది.

2025 ఫిబ్రవరి 26న శివరాత్రి. మహేంద్రగిరి మీద జాగారానికి వేలమంది వస్తారు. కుంతీ గుడి, ధర్మరాజు గుడి, భీముడి గుడి మధ్య దారంతా జనం. చొక్కాకి అసలు పరీక్ష అక్కడే. రాత్రి పదింటికి గాలి మొదలైంది. కట్టెలు మోసుకుంటూ ఎక్కినప్పుడు పట్టిన చెమటకి లోపలి నూలు చొక్కా తడిసింది. జాకెట్ అయితే కూర్చోగానే ఆ తడి వణికించేది. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమ తనలోకి లాక్కున్నా పైకి తడిగా తెలీదు, పైగా అలా లాక్కునేటప్పుడు కాస్త వేడి కూడా పుడుతుంది. అరగంటలో నా వీపు పొడిగా ఉంది. మంట పక్కన కూర్చున్నాను. రవ్వలు పడ్డాయి, విదిలించాను. పొద్దున చూస్తే మూడు నల్ల చుక్కలు, గోటితో గీకితే రాలిపోయాయి.

ఇది అన్నిటికీ సరిపోతుందని చెప్పను. భీముడి గుడి దగ్గర ఎత్తు మీద నిలబడితే గట్టి గాలి ఉన్నిలోంచి దూరింది. పైన పల్చటి రెయిన్‌కోటు వేసుకుంటే ఆగింది. గాలిని ఆపేది ఒకటి, వేడిని పట్టుకునేది ఒకటి, రెండూ ఉండాలి. బాగా తడిస్తే బరువెక్కుతుంది, ఆరడానికి ఒక పగలు పూర్తిగా కావాలి. బ్యాగులో మడిచి పెడదామంటే సగం బ్యాగు ఇదే. నడిచేటప్పుడు వేసుకోకూడదు, ఉడికిపోతాం. నడుంకి కట్టుకుని ఎక్కి, ఆగినప్పుడు వేసుకోవాలి.

తెల్లవారుజామున మా వాళ్ళలో ఒకడికి జ్వరం తగిలితే చొక్కా వాడికి తొడిగాను. టోపీ ముందుకి లాగి, చేతులు రెండూ జేబులో పెట్టుకుని, రాతికి ఆనుకుని సూర్యోదయం దాకా పడుకున్నాడు. దూరంగా సముద్రం మీద వెలుతురు గీత పడుతుంటే నేను మంట ఎగదోస్తూ కూర్చున్నాను. ఆ రెండు గంటలూ నేను వణికాను గాని వాడు వణకలేదు.

ఇంటికొచ్చాక అమ్మ చొక్కా తీసుకుని వాసన చూసింది. కట్టెల పొగ వాసన. "పోస్టింగునించి వచ్చినప్పుడు మీ నాన్న పెట్టెకీ ఇదే వాసనుండీది" అంది. ఉతకొద్దంది. ఉన్నిని మాటిమాటికీ ఉతకక్కర్లేదు కూడా. దులిపి, రెండు రోజులు గాలికి వేస్తే చాలు. వసారాలో దండెం మీద భుజాలు సాగకుండా మధ్యకి మడిచి వేశాం. ఎండలు మొదలవుతూనే వేపాకు, కలరా ఉండలు వేసి ట్రంకుపెట్టెలో పెట్టాం, రగ్గు ఉండే చోటే.

వచ్చే చలికాలానికి మా బావమరిదికి ఇంకోటి కుట్టాలి. పాతపట్నంలో వాళ్ళ మామయ్య ఇంట్లో పాత రగ్గు ఒకటి దొరికింది, పోగు కాల్చి చూశాను, ఉన్నే. వాడు నాకన్నా పొడుగు. చేతులు 23 అంగుళాలు, ముంజేతి దగ్గర 13 గీసి పెట్టాను.